బొంత మాస్టారి కుట్టు

"వెనక సీటు ఏదీ?"

బావగారి కేకకి షెడ్డు రేకులు ఖంగుమన్నాయి. కాఫీ కలుపుతున్న తోడికోడలు చెంచా చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. అత్తగారు మాత్రం గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, అందరికన్నా ఆలస్యంగా వచ్చింది.

షెడ్డులో నల్లబండి నాలుగు తలుపులూ బార్లా తెరుచుకుని ఉంది. పోయిన మామగారి బండి, ఇప్పుడు కొడుకులిద్దరికీ ఉమ్మడి. ఒంటి మీద దుమ్ము రేణువు లేదు. ముందు కడ్డీల్లో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. వెనక సీటు ఉండాల్సిన చోట మాత్రం ఉత్త ఇనపరేకు, దానికి రెండు బోల్టు కన్నాలు.

ఇవాళ గురువారం. ఆదివారం మైదానంలో పాత కార్ల ప్రదర్శన. దానికి పెద్ద జడ్జీ బావగారే.

"నేనే తీశాను బావగారూ," అంది చిన్నకోడలు. సీట్లు కుట్టే షాపుకి వెళ్ళడానికి తయారై, భుజాన సంచీ తగిలించుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. "పొద్దున్నే వ్యానులో తీసుకెళ్ళి షాపులో పెట్టొచ్చాను."

"ఎవర్నడిగి?"

"మా ఆయన్నడిగాను. సగం ఆయనది కదండీ."

ఆ సగం హక్కుదారు గోడకి ఆనుకుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. పేపరు వెనక నవ్వు అందరికీ కనిపిస్తూనే ఉంది.

"అరవై రెండేళ్ళ సీటమ్మా అది!" బావగారు ఆ ఖాళీ రేకు మీద చెయ్యి పెట్టి చూపించారు. "ఫ్యాక్టరీలో వేసిన కుట్టు వేసినట్టే ఉంది. చిన్నప్పుడు చెప్పులతో ఎక్కితే మా నాన్న వీపు విమానం మోత మోగించేవాడు. ఎనిమిదిసార్లు మొదటి బహుమతి తెచ్చిందంటే ఆ సీటు వల్లే. దాన్ని పాత పరుపులా ఎత్తుకుపోయావా?"

"అడుగున అంగుళం మేర కుట్టు వదిలింది. చూస్తూ ఊరుకోలేకపోయాను. మా పనే అది కదా."

"వదిలితే వదలనీ! ఊడినా సరే, అసలు కుట్టు ఊడాలి. దాని మీద నకిలీ కుట్టు పడకూడదు!"

పేపరు కిందికి దిగింది. "విన్నారా? ఊడినా ఫర్వాలేదట, అసలుదైతే చాలట," అన్నాడు తమ్ముడు. "నీ మైదానంలో బండ్లన్నీ ఆ బాపతేగా అన్నయ్యా. లారీ మీద వస్తాయి, గడ్డి మీద నిలబడతాయి, మళ్ళీ లారీ మీద పోతాయి. ఆ మాత్రానికి ఫోటోలకే మార్కులు వేసుకోవచ్చుగా?"

"నీ రోడ్డు ప్రదర్శనకి వచ్చేవి బండ్లట్రా? ఒకదాని తలుపు, ఇంకోదాని ఇంజను, మూడోదాని చక్రాలు. పుట్టినప్పటి భాగం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. అరవై కిలోమీటర్లు పరిగెడితే అది పాతబండి అయిపోతుందా? పరిగెత్తడమే కావాలంటే బస్సెక్కు!"

"మనిషికి పన్ను ఊడితే కట్టుడు పన్ను పెట్టుకోడా? పెట్టుకుంటే మనిషి కాకుండా పోతాడా?"

"పెట్టుకోవచ్చు. పెట్టుకుని పళ్ళ పోటీకి రాకూడదు!"

తోడికోడలికి నవ్వొచ్చి చెంచా అడ్డం పెట్టుకుంది. ఈ ఇంట్లో ఈ తగువు రెండేళ్ళుగా రోజూ కాఫీతో పాటు పొంగుతూనే ఉంది. అంతకు ముందు ప్రదర్శన ఒక్కటే. అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునేవాళ్ళు. ఇప్పుడు మైదానం వాళ్ళు వేరు, రోడ్డు వాళ్ళు వేరు. ఈ ఏడు మరీ పంతం ముదిరి, రెండూ ఒకే ఆదివారం, ఒకే పూట పెట్టుకున్నారు.

ఎందుకు విడిపోయారో మాత్రం ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే చిన్నకోడలి నాన్న పేరు ఎత్తాలి.

ఆయన సీట్లు కుట్టే మాస్టారు. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ కార్లకి సీట్లు కుట్టి, షాపులో మిగిలిన ముక్కలన్నీ ఏరి దాచి, తన చిన్న పాతబండికి తనే సీట్లు కుట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాన్ని నడుపుకుంటూ మైదానానికి వెళ్ళాడు. బావగారు ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగి, మైకు తీసుకుని, నాలుగువందల మంది వింటుండగా అన్నారు: "కుట్టంటే ఎలా ఉండాలో తెలియాలంటే పక్కనే ఉన్న మా నాన్నగారి బండి వెనక సీటు చూడండి. ఇది కుట్టు కాదు. అతుకుల బొంత."

జనం గొల్లుమన్నారు. ఆ రోజు నుంచీ ఆయన పేరు బొంత మాస్టారు. షాపుకొచ్చి సీటు కొలతలిచ్చేవాళ్ళు కూడా, "బొంత మాస్టారు లేరా?" అని అడిగేవాళ్ళు. మూడు నెలలు ఓర్చుకుని, ఆయన మిషను మీద గుడ్డ కప్పేసి ఇంటికెళ్ళిపోయాడు. మళ్ళీ షాపు గడప తొక్కలేదు. అప్పట్నుంచీ షాపు కూతురే నడుపుతోంది.

ఈ రెండేళ్ళలో చిన్నకోడలు బావగారికి అన్నం వడ్డించింది, జ్వరమొస్తే మందు అందించింది, పిలిస్తే పలికింది. ఆ బొంత మాట మాత్రం ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

"సాయంత్రానికి నా సీటు నా షెడ్డులో ఉండాలి," అన్నారు బావగారు.

"ఆదివారం పొద్దున మైదానానికి నేనే తెచ్చి, మీ కళ్ళముందే బిగిస్తాను."

"నాకు నమ్మకం లేదు."

"నా పని మీదా, మా నాన్న కూతుర్నన్న దాని మీదా?"

బావగారు బండి తలుపులు ఒక్కొక్కటీ మూయడం మొదలుపెట్టారు. తోడికోడలు నేల చూపులు చూసింది.

అత్తగారు మాత్రం ఆ ఖాళీ ఇనపరేకునే చూస్తోంది. ఇంత రగడ జరిగినా పెదవి విప్పని మనిషి అప్పుడు అడిగింది.

"విప్పావా?"

"ఇంకా లేదు అత్తయ్యా."

"విప్పకు," అని మళ్ళీ గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

* * *

షాపుకి ఒక పక్క టైర్లవాడు, ఇంకో పక్క అద్దాలు కోసేవాడు. మధ్యాహ్నం దాకా గాలి కొట్టే మోత, గాజు గీసే కిర్రుమనే చప్పుడు. వాటి మధ్యలోనే చిన్నకోడలు పెరిగింది, పని నేర్చింది.

సీటుని బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది. మూడు వారాల కిందట షెడ్డులో దీన్ని తుడుస్తుంటే అడుగున వదిలిన అంగుళం కుట్టులో ఆమె వేలు దూరింది. వేలికి ముడి తగిలింది. ఆ ముడి మెలి ఎటు తిరిగిందో వేలికి తెలిసింది గానీ మనసు నమ్మలేదు. అందుకే బోల్టులు విప్పింది.

కుట్టు కత్తితో అడుగు గోనెగుడ్డ అంచు జాగ్రత్తగా కోసింది. లోపల కొబ్బరి పీచు, దాని కింద స్ప్రింగులు. తోలు మడతని వెనక్కి తిప్పింది.

పైకి కనిపించే కుట్టు అంగుళానికి ఆరు, ఒక్కటీ తగ్గకుండా, అన్నీ కుడికి వాలి ఉన్నాయి. ఫ్యాక్టరీవాళ్ళు అలాగే కుడతారు. లోపల, దారం ఆగిపోయిన ప్రతిచోటా మాత్రం మైనం పట్టించిన దారం మూడు చుట్లు తిరిగి, ఎడమకి బిగుసుకుని ఉంది.

కుడిచేతివాళ్ళకి దారం అలా ఎడమకి బిగవదు. ఆమెకి తెలిసి అలా ముడి వేసే ఎడమచేతివాటం మనిషి ఒక్కడే. చిన్నప్పుడు ఆ చేతి పక్కనే కూర్చుని, దబ్బనంలో దారం ఎక్కించి ఇచ్చేది.

చిన్నకోడలు స్టూలు మీద కూలబడింది. తర్వాత నవ్వింది. పక్క షాపు టైర్లవాడు తొంగిచూసేంత గట్టిగా నవ్వింది.

ఎనిమిది బహుమతులు! మా నాన్న చేతి కుట్టుని ఫ్యాక్టరీ కుట్టని మొక్కి, అదే చేతి కుట్టుని బొంత అన్నాడా? రెంటినీ పక్కపక్కన పెట్టి మరీ చూపించాడా జనానికి?

బావగారికి ఇదంతా తెలుసనే అనుకుంది. తెలిసే, నాన్న ఎక్కడ నోరు విప్పుతాడోనని ముందే నోరు నొక్కేశాడనుకుంది. ఆదివారం అదే మైకు ముందు ఈ సీటుని బోర్లించి చూపిస్తే ఆ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంది. ఊహించుకున్న కొద్దీ రెండేళ్ళ మంట చల్లారినట్టయింది.

"విప్పకు అన్నాను కదమ్మా."

గుమ్మంలో అత్తగారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆవిడ ఈ షాపుకి రావడం ఇదే మొదటిసారి. చెమటకి మొహం తడిసిపోయింది. చిన్నకోడలు లేచి స్టూలు జరిపింది. అత్తగారు కూర్చుని, బల్ల మీద విప్పేసిన తోలు వంక కాసేపు చూసింది.

"మీ బావకి తెలీదు," అంది.

"తెలీకుండా ఎలా ఉంటుంది అత్తయ్యా?"

"చేయించింది నేను."

అద్దాలవాడు గాజు గీస్తున్న చప్పుడు ఆగేదాకా అత్తగారు మాట్లాడలేదు.

"పదహారేళ్ళవుతోంది. మీ మామగారికి గుండె ఆపరేషన్, నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. పెద్దాడి ఉద్యోగం వేరే ఊళ్ళో, నీ మొగుడు హాస్టల్లో. షెడ్డు సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఎలుకలు దూరి వెనక సీటుని పీచుపీచు చేశాయి. డాక్టరేమో, ఆయనకి ఏ చిన్న దిగులూ కలగకుండా చూసుకోండమ్మా అన్నాడు. ఆ మనిషికి ఆ బండంటే ఎంతో నీకేం తెలుసు! ఇంటికి రాగానే ముందు షెడ్డుకే వెళ్తారు. ఆ సీటు చూస్తే ప్రాణం పోతుందేమోనని భయపడ్డాను."

"మా నాన్న..."

"ఎవర్నడిగినా ఆయన పేరే చెప్పారు. నాలుగు మధ్యాహ్నాలు మా పెరటి దారిన వచ్చి కుట్టారు. ఎక్కడో మూలపడ్డ ఆ కాలం బండి తోలు వెతికి తెచ్చారు, టీ డికాషన్ రాసి పాత రంగు తెప్పించారు. నాది ఎడమచేయి అమ్మగారూ, మామూలుగా కుడితే ఇట్టే తెలిసిపోతుంది అని, సీటుని తలకిందులుగా పెట్టుకుని కుట్టారు. మెడ పట్టేసి నాలుగో రోజు తల తిప్పలేకపోయారు పాపం."

చిన్నకోడలు ఆ కుట్టు మీద చెయ్యి వేసింది. తీయలేకపోయింది.

"ఎవరికీ చెప్పనని మాటివ్వమన్నాను. ఇచ్చారు. మీ మామగారు వచ్చి ఆ సీట్లో కూర్చున్నారు, చేత్తో నిమిరారు, చూశావా చెక్కుచెదరలేదు అన్నారు. ఇంకో రెండేళ్ళు బతికారు. ఆయనకి తెలీదు." అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ సంబంధం కోసం నేనే కోరి ఎందుకు వచ్చాననుకున్నావ్? మాట మీద నిలబడే మనిషి కూతురు నా ఇంటికి రావాలనుకున్నాను."

"మరి ఆ రోజు మీరు అక్కడే ఉన్నారు కదా అత్తయ్యా! మొదటి వరసలో కూర్చున్నారు. మా నాన్నని బొంత అంటుంటే విన్నారు కదా!"

అత్తగారు తలొంచుకుంది.

"ఒక్కమాట. ఒక్కమాట అనుంటే..."

"అనలేకపోయానమ్మా. వాళ్ళ నాన్న ముట్టుకున్న సీటు, ఇంకెవరి చెయ్యీ పడలేదు అని పెద్దాడు అందరికీ చెప్పుకుంటూ బతుకుతున్నాడు. వాడికది దేవుడి గది లాంటిది. నేను పోయేదాకా ఆగు. తర్వాత నీ ఇష్టం. నీ నోటితో నలుగురిలో చెప్పనని నాకు మాటివ్వు."

చిన్నకోడలు తోలు మడత మూసి అంది.

"నా నోటితో చెప్పను."

* * *

శుక్రవారం నాన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన వసారాలో కూర్చుని ఇరుగుపొరుగు వాళ్ళ గొడుగులు బాగుచేస్తున్నాడు. కొన్నాళ్ళుగా అదే వ్యాపకం. పక్కనే ఆయన చిన్నబండి మీద టార్పాలిను, టార్పాలిను మీద ఎండుటాకులు.

"సీటు విప్పాను నాన్నా."

ఏ సీటు అని ఆయన అడగలేదు. గొడుగు ఊచకి దారం చుడుతున్న ఎడమచేయి ఆగింది.

"ముడి నిలబడిందా?" అన్నాడు.

"రాయిలా ఉంది."

"ఊఁ." ఆ మొహంలో ఓ క్షణం వెలుగొచ్చింది. "ప్రతి ఏడూ వెళ్ళి చూసేవాణ్ణి. బహుమతి ఇస్తున్నప్పుడు జనంలో వెనకాల నిలబడేవాణ్ణి. ఎనిమిదిసార్లు చప్పట్లు కొట్టారు. నాకే అనుకునేవాణ్ణి."

"మరి ఆ రోజు ఎందుకు ఊరుకున్నావ్? మీరు మొక్కే సీటు నా చేత్తో కుట్టిందేనని మొహం మీద కొట్టినట్టు చెప్పొచ్చుగా!"

"మాటిచ్చానుగా తల్లీ."

"నీ పరువు పోతున్నా?"

"ఆయన కన్ను మంచిదే. నా బండిలో ఉన్నవి అతుకులే. కాదనలేను." గొడుగు తెరిచి ఎండకి పట్టి చిల్లులు చూశాడు. "కాకపోతే పక్కపక్కన పెట్టాడు చూడూ... రెండూ నా పిల్లలే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టాడు. అదే తట్టుకోలేకపోయాను. వదిలెయ్యి. నువ్వు ఆ ఇంట్లో బతకాలి."

వదిలెయ్యమన్న ఆ మాటే ఆమెని నిలవనివ్వలేదు. బావగారికి తెలీదని తేలినందుకు కోపం తగ్గాలి నిజానికి. ఇంకా పెరిగింది. తెలిసి చేసిన మోసమైతే ఒక లెక్క. కన్నూ తెలివీ నాకే ఉన్నాయని ఊరేగుతూ, ఒకే చేతి పనికి ఒకచోట దండ వేసి, ఇంకోచోట ఉమ్మేసిన మనిషిని ఎందుకు వదలాలి? నోటితో చెప్పనంది. చేతులు కట్టుకుంటానని అనలేదు కదా.

శనివారం పొద్దున ఆమె సీటు కుట్టలేదు. దుమ్ము దులిపి, విప్పింది విప్పినట్టే గుడ్డలో చుట్టింది.

భర్త పసిగట్టాడు. జరిగింది చెప్పక తప్పలేదు. వినగానే ఎగిరి గంతేశాడు. "రేపు మైకు లాక్కుని చెప్పెయ్! మైదానం వాళ్ళ దుకాణం ఒక్క దెబ్బతో బంద్. మనవాళ్ళందరికీ ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"చేస్తే మళ్ళీ మీతో మాట్లాడను."

"అదేంటి? మీ నాన్న కోసమే కదా మేము విడిపోయింది!"

"మా నాన్న కోసం విడిపోయినవాళ్ళు ఒక్కసారైనా ఆయన బండి మీద టార్పాలిను తీశారా? మీ రోడ్డు ప్రదర్శనకి పిలిచారా?"

భర్త ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. పిలవాలన్న ఆలోచనే రాలేదని ఆ మొహంలోనే తెలుస్తోంది.

* * *

ఆదివారం తొమ్మిదింటికి మైదానం నిండిపోయింది. గడ్డి మీద ముప్ఫై నాలుగు కార్లు బారులు తీరి మెరుస్తున్నాయి. వాటి చుట్టూ తాళ్ళు, తాళ్ళకి ఇవతల అభిప్రాయాలు.

"ఈ ఆకుపచ్చదాని రంగు కొత్తగా వేయించిందే. అసలు రంగుకి ఇంత నిగారింపు ఉండదు."

"అయితే ఏం? చూడముచ్చటగా లేదూ?"

"చూడముచ్చట కోసమైతే పెళ్ళికి వెళ్ళండి సార్, ఇక్కడికెందుకు?"

"అటు రోడ్డు వాళ్ళ బండ్లు ఈపాటికి బయల్దేరే ఉంటాయి. హారన్లు కొట్టుకుంటూ పోతుంటే అదీ సరదాయే!"

"సగం బండ్లు సగం దారిలోనే ఆగిపోతాయి. మిగతా సగాన్ని తోసుకొస్తారు. అదీ వాళ్ళ సరదా."

నల్లబండి మొదటి వరస మధ్యలో ఉంది. మొదటి వరస కుర్చీల్లో అత్తగారు, పక్కన తోడికోడలు. చిన్నకోడలు సీటు దింపించి, బండి పక్కన గడ్డి మీద గుడ్డ పరిచి, సీటుని బోర్లా పెట్టింది. అత్తగారికి అడుగుభాగం కనిపించకుండా తను అడ్డంగా నిలబడింది.

బావగారు పరుగులాంటి నడకతో వచ్చారు. "ఇంకా బిగించలేదా? పదింటికి జడ్జీలొస్తున్నారు."

"బిగించే ముందు అడుగుభాగం మీరు చూడాలి బావగారూ. పెద్ద జడ్జీ చూడని భాగం పోటీలో ఉండకూడదని నియమం మీదే కదా."

"మన బండికి మార్కులు మిగతా ఇద్దరు వేస్తారు."

"చివరి సంతకం మీదేగా. చూడండి."

ఆయన విసుక్కుంటూనే మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి భూతద్దం తీశారు. గోనెగుడ్డ తొలగించారు. తోలు మడత తిప్పారు. మొదటి ముడి చూశారు. రెండోది చూశారు. భూతద్దం తుడిచి మూడోది చూశారు. బావగారి కన్ను నిజంగానే మంచిది. నాలుగోది చూడక్కర్లేకపోయింది.

"ఇది ఫ్యాక్టరీది కాదు," అన్నారు.

"కాదు."

"ఎడమచేతి పని. ఎవరిది?"

"మీరు బొంత అన్న చేతిది."

ఇలాంటి మాట ఒక్కటి అనడానికి రెండేళ్ళుగా ఎదురుచూసింది చిన్నకోడలు. నలుగురిలో కాదు, ఒక్కడి చెవిలోనే అంది. మాట తప్పలేదు. బావగారి మొహంలో రక్తం దిగిపోవడం దగ్గరగా చూసింది, కళ్ళు తిప్పుకోకుండా చూసింది. ఎంత తీపిగా ఉందో చెప్పలేం.

"ఎప్పుడు?"

"పదహారేళ్ళ కిందట."

"పదహారు..." వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. "అప్పటికి నాన్న ఉన్నారు. నాన్నే చేయించారా? చేయించి, నా దగ్గర... ఎవరి చెయ్యీ పడలేదురా అని నాతో... చెప్పమ్మా. నాన్నకి తెలుసా?"

తెలీదు అని ఒక్కమాట అంటే చాలు. మోకాళ్ళ మీద ఉన్న ఆ పెద్దమనిషి ఆ ఒక్కమాట కోసం పసిపిల్లాడిలా ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

మా నాన్న కూడా ఇలాగే చూసుంటాడు ఆ రోజు, మొదటి వరస కుర్చీల వైపు.

"నేను మాటిచ్చాను. చెప్పకూడదు," అంది చిన్నకోడలు.

బావగారు లేచారు. ప్యాంటుకి అంటిన గడ్డి దులుపుకోలేదు. జడ్జీల బల్ల దగ్గరికి వెళ్ళి నల్లబండి కాగితం తీసి, మార్చిన భాగాలు అని ఉన్నచోట తన చేత్తోనే రాశారు. కాళ్ళావేళ్ళా పడతాడనుకుంది చిన్నకోడలు. కనీసం పక్కకి పిలిచి, ఈ ఒక్కసారికి కుట్టెయ్యమ్మా అంటాడనుకుంది. అలా బతిమాలించుకుని కాదనాలని రెండు రోజులుగా మాటలు కూర్చి పెట్టుకుంది. ఆయన అటు తిరిగి ఆమె వైపైనా చూడకుండా మైకు తీసుకున్నారు.

"అయ్యా, ఒక్క నిమిషం."

మైదానం సద్దుమణిగింది.

"మా నల్లబండి ఈ పోటీలో లేదు. ఇంతకుముందు గెలిచిన ఎనిమిది బహుమతులూ వెనక్కిచ్చేస్తున్నాను. వెనక సీటు అసలుది కాదు. తర్వాత కుట్టింది."

గుసగుసలు లేచాయి. ఎవరో ఈల వేశారు.

"కుట్టింది సీట్ల మాస్టారు. రెండేళ్ళ కిందట ఇదే మైకులో నేను బొంత అన్నది ఆయన పనినే. ఎనిమిదేళ్ళు ఫ్యాక్టరీ పని అని మీ అందరికీ చూపించిందీ ఆయన పనే. నా కంటికి తేడా తెలియలేదు. ఆయన పనితనానికి నేను జడ్జీని కాను."

వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొకరు అందుకున్నారు. చిన్నకోడలి కళ్ళు నిండాయి. నాన్న పేరు, బొంత అన్న తోక లేకుండా, ఇంతమందిలో! ఇంక చాలు. ఇంక ఆగిపోవచ్చు.

బావగారు ఆగలేదు.

"కుట్టినవాళ్ళది తప్పు కాదు. పని చెప్పారు, చేశారు. తప్పు చేయించినవాళ్ళది. చేయించింది మా నాన్నగారు. చేయించి, నన్ను కూర్చోబెట్టుకుని అబద్ధం చెప్పారు. ఆ అబద్ధాన్నే నేను మీకు ఇన్నేళ్ళు చెప్పాను. షెడ్డులో ఆయన ఫోటోకి రోజూ దణ్ణం పెట్టి తాళం తీస్తాను. ఇవాళ ఇంటికెళ్ళి ముందు ఆ ఫోటో..."

మొదటి వరసలో కుర్చీ వెనక్కి పడింది.

అత్తగారు లేచి నిలబడింది. తోడికోడలు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. పట్టుకోవడానికి గోడ లేదు. తూలుతూ, గడ్డిలో చెప్పు ఒకటి జారిపోయినా ఆగకుండా, తాడు కింద నుంచి వంగి దూరి, కొడుకు దగ్గరికి వచ్చింది.

"ఆయన్ననకు," అంది. "ఆయన్నేమీ అనకురా."

"అమ్మా?"

ఆవిడ కొడుకు చేతిలోంచి మైకు తీసుకుంది. పట్టుకోవడం తెలీక రెండు చేతులతో పట్టుకుంది. ఊపిరి చప్పుడు మైదానమంతా వినబడుతోంది. నాలుగువందల మందిని దాటుకుని చూస్తూ చూస్తూ, బోర్లించిన సీటు పక్కన నిలబడ్డ చిన్నకోడలి మీద ఆవిడ చూపు ఆగింది.

"నోటితో చెప్పనన్నావు. చెప్పలేదు, చేత్తో చూపించావు. నా ఇంటికి మీ నాన్న కూతురే వచ్చిందనుకున్నానమ్మా," అంది అత్తగారు మైకులోనే. "ఇటు రా. పక్కన నిలబడు. పెళ్ళినాడు నేనెందుకు నిన్ను తెచ్చుకున్నానో, అది కూడా ఇక్కడే చెప్పేస్తాను."